అయితేకూ అయినాకూ నడుమ

తాపీ నది ఖంభాత్ సింధుశాఖలో కలిసే చోట, సూరత్ నగరానికి దిగువన హజీరా ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఆంగ్ల వర్తకుల ఓడలు లంగరు వేసిన సువాలీ తీరం దానికి చేరువలోనిదే. మొగలు దర్బారుకు రాయబారిగా వచ్చిన సర్ థామస్ రో 1615లో అడుగుపెట్టింది ఆ తీరంలోనే. నాడు ఓడల రాకపోకలను ఆటుపోట్లు శాసించేవి. నేడు హజీరా కర్మాగారాల ఊరు. అరేబియా సముద్రగర్భంలోని బస్సేన్ క్షేత్రం నుండి గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు ఇక్కడ ఒడ్డుకు చేరుతుంది. అందులోని విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడును వేరుచేసి, శుద్ధమైన వాయువును విజయపూర్, జగదీశ్‌పూర్‌ల మీదుగా ఉత్తరాదికి పంపే సుదీర్ఘమైన గొట్టపు మార్గం ఇక్కడే మొదలవుతుంది. ఎరువులు, ఉక్కు, విద్యుత్తు ఇవన్నీ ఆ వాయువు చుట్టూ పెరిగిన పరిశ్రమలు.

ఇటువంటి కర్మాగారాల కంట్రోలు రూములలో మనుషులు రాత్రింబవళ్ళు మేలుకొని ఉంటారు. అయితే అత్యంత ప్రమాదకరమైన క్షణంలో నిర్ణయం తీసుకొనేది సాధారణంగా వారు కాదు. "పీడనం ఈ హద్దు దాటితే ఆ వాల్వు మూయుము" అన్న తరహా చిన్న వాక్యాలు లెక్కకు మిక్కిలిగా యంత్రంలో నిక్షిప్తమై ఉంటాయి. వాటిని వ్రాసినవారు ఎప్పుడో, ఎక్కడో, ఒక బల్ల ముందు కూర్చొని వ్రాశారు. ప్రమాదం ముంచుకొచ్చిన రాత్రి వారు అక్కడ ఉండరు. బ్రతికే ఉన్నారో లేదో కూడా తెలియదు. మరి ఆ వాక్యం అమలు జరిగిన క్షణాన నిర్ణయం ఎవరిది? మంచి జరిగితే కీర్తి ఎవరికి, చెడు జరిగితే బాధ్యత ఎవరికి? కంప్యూటరు శాస్త్రంలో మొదటి పాఠంగా నేర్పే విషయం, పరిశీలించి చూస్తే, నీతిశాస్త్రంలో చాలా పాత చిక్కు.

ప్రోగ్రామింగ్ భాష అనగానే సాహిత్య పాఠకులు అది గణితజ్ఞుల సొత్తని తప్పుకొంటారు. నిజానికి దాని పునాది వాక్యాలు తెలుగు వ్యాకరణం చదివినవారికి అపరిచితాలు కావు. తెలుగు వాక్యంలో సమాపక క్రియ చివర ఒక్కటే ఉంటుంది. దానికి ముందు ఎన్ని అసమాపక క్రియలైనా వరుసగా నడుస్తాయి. "వాల్వు తెరిచి, పంపు నడిపి, ట్యాంకు నింపుము" అన్నప్పుడు తెరిచి, నడిపి అనేవి క్త్వార్థకాలు. అవి పనుల వరుసను చెబుతాయి. "నిండితే ఆపుము" అన్నది చేదర్థకం. అది షరతును చెబుతుంది. "నిండేదాకా పోస్తూ ఉండుము" అన్న చోట శత్రర్థకం ఆవృత్తిని చెబుతుంది. వరుస, షరతు, ఆవృత్తి ఈ మూడింటితోనే ఎంతటి ప్రోగ్రామునైనా నిర్మించవచ్చునని 1966లో కొర్రాడో బోమ్, జుసెప్పె జాకోపీని అనే ఇటలీ శాస్త్రవేత్తలు నిరూపించారు. నియంత్రణ ప్రవాహమని శాస్త్రజ్ఞులు పిలిచేది ఈ మూడింటి కూర్పునే. గ్యాసు బిల్లు వేసే ప్రోగ్రామైనా, ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపే ప్రోగ్రామైనా విప్పి చూస్తే మిగిలేవి ఇవే.

తెలుగులో అసమాపక క్రియ మరొకటి ఉన్నది. "నిండినా", "చెప్పినా", "తెలిసినా" అనేవి అప్యర్థకాలు. యంత్రానికి వ్రాసే భాషలో దీనికి చోటు లేదు. "నిండినా పోయుము" అని యంత్రానికి చెబితే దానికి వినిపించేది "పోయుము" అన్న మాటే. నిండిందన్న సంగతిని గుర్తించి, అది ఆగవలసిన కారణమేనని ఒప్పుకొని, అంతకంటె బలమైన మరొక కారణం కోసం దానిని దాటిపోవటం అన్న మనోవ్యాపారం ఆ భాషలో ఇమడదు. మినహాయింపులు వ్రాయవచ్చును కదా అని నిపుణులు ఆక్షేపించవచ్చు. వ్రాయవచ్చు, కాని వ్రాసిన మరుక్షణం ప్రతి మినహాయింపూ మరొక చేదర్థకంగా మారిపోతుంది. ముందుగా ఊహించగలిగిన "అయినా" అంతా "అయితే"లో కలిసిపోతుంది. మిగిలేది ఎవరూ ఊహించని "అయినా" మాత్రమే. (మన భాషలో "అయితే" అన్న ఒక్క మాటే షరతుకూ పనికివస్తుంది, ఆక్షేపణకూ పనికివస్తుంది. యంత్రానికి మొదటి అర్థం తెలుసు, రెండవది తెలియదు.)

ఈ మూడింటికంటె ముందుది, చూడటానికి అమాయకమైనది, విలువను నిర్దేశించే వాక్యం. ఒక పేరు గల గడిలో ఒక విలువను ఉంచుమన్నది దాని భావం. "క = క + 1" అని వ్రాస్తే గణిత విద్యార్థి నవ్వుతాడు, ఏ సంఖ్యా తనకంటె ఒకటి ఎక్కువ కాజాలదు గనుక. ప్రోగ్రాములో దాని అర్థం వేరు: పాత లెక్కకు ఒకటి చేర్చి ఆ గడిలో ఉంచుము, పాత లెక్కను మరచిపొమ్ము. చెప్పినది చెప్పినట్లు గడిలోకి చేరుతుంది. అయితే గడిలో వ్రాసినంత మాత్రాన లోకం మారదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకొని తిరిగి మూసుకోలేదు. కంట్రోలు రూములోని దీపం మాత్రం అది మూసుకొన్నట్లే సూచించింది. ఆ దీపం చూపినది వాల్వు స్థితిని కాదు, మూసుకొమ్మని ఆజ్ఞ వెళ్ళిన సంగతిని. ఆజ్ఞ జారీ అయింది గనుక పని జరిగిందని నమ్మటం యంత్రాల లోపం మాత్రమే కాదని పరిపాలనా రంగంతో పరిచయమున్న పాఠకులకు చెప్పనక్కరలేదు.

ప్రోగ్రాము నడకను గురించిన వివాదాలలో ప్రసిద్ధమైనది డచ్చి శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1968లో ప్రచురించిన లేఖ వల్ల పుట్టింది. ఆనాటి భాషలలో "ఫలానా చోటికి పొమ్ము" అన్న వాక్యం యథేచ్ఛగా వాడేవారు. ప్రోగ్రాము అక్కడినుండి ఇక్కడికి, ఇక్కడినుండి మరొక చోటికి గెంతేది. ఆ వాక్యం హానికరమని ఆయన వాదించారు. కాలక్రమంలో జరిగే వ్యవహారాన్ని మనసులో ఊహించుకొనే శక్తి మనిషికి తక్కువ గనుక, కాగితం మీది వ్రాతకూ, కాలంలో జరిగే పనికీ మధ్య దూరం వీలైనంత తగ్గాలని ఆయన అభిప్రాయం. దీనిని శైలికి సంబంధించిన తగాదాగా చాలామంది చూశారు. ఇందులో జవాబుదారీ ప్రశ్న కూడా ఉన్నది. ఒక చోటికి ఎలా వచ్చామో చెప్పలేని వ్రాతలో తప్పును వెదకటమే దుస్సాధ్యం. ఎవరి తప్పో తేల్చటం సంగతి సరేసరి.

షరతులో గల గొప్ప గుణం అది ముందే తీసుకొన్న నిర్ణయం కావటం. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వరాదని మన పెద్దలు అన్నారు. చేదర్థకం ముందుగా తవ్వి ఉంచిన బావి. 2020 సెప్టెంబరు 24న తెల్లవారకముందే హజీరాలోని గ్యాస్ శుద్ధి కర్మాగారంలో పేలుళ్ళు సంభవించి మంటలు లేచాయి. చుట్టుపక్కల ఊళ్ళు ఉలిక్కిపడి మేలుకొన్నాయి. గొట్టాలలోని వాయువు పీడనాన్ని తగ్గించే అత్యవసర చర్యల నడుమ ఆనాడే మంటలు అదుపులోకి వచ్చాయి. అటువంటి వేళ ఏది ముందు, ఏది తరువాత అని కూర్చొని ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు. నిదానంగా ఉన్నప్పటి మనిషి, భయంలో ఉండబోయే మనిషికి వ్రాసి ఉంచిన ఉత్తరం వంటిది ఆ వరుస.

ఆ ఉత్తరాన్ని వ్రాయటంలో ఇంజనీర్లు పాటించే ఒక నియమం నీతిశాస్త్రజ్ఞులు సైతం గమనించదగినది. ప్రమాదం వచ్చినప్పుడు విద్యుత్ సంకేతం పంపటం సులభమైన పద్ధతి. కాని ఆ తీగె తెగిపోయి ఉంటే? అందుచేత భద్రతా ఏర్పాట్లలో చాలావాటిని తలకిందులుగా అమరుస్తారు. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ తీగెలో విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది. ప్రవాహం ఆగిందా, ప్రమాదమైనా, తీగె తెగినా, కరెంటు పోయినా, యంత్రం సురక్షిత స్థితికి చేరుతుంది. అంటే మౌనాన్ని అంగీకారంగా తీసుకోదు, అపాయంగా తీసుకొంటుంది.

ఈ నియమం హజీరాకు కొన్ని మైళ్ళ ఎగువన సూరత్ మరమగ్గాలవారికి కూడా ఎరుకే. లింబాయత్, ఉధనా వంటి పేటలలో తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళి తరతరాలుగా స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం ఉన్నాయి. పడుగు తెగితే ఆగే ఏర్పాటు గల మగ్గంలో ప్రతి పడుగు పోగు మీదా ఒక సన్నని లోహపు రేకు వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతవరకు రేకు పైననే ఉంటుంది. పోగు తెగితే రేకు కిందికి జారుతుంది, మగ్గం ఆగుతుంది. తెగిన పోగు నోరు తెరిచి ఏమీ చెప్పనక్కరలేదు. అది మోయటం మానితే చాలు. అట్టలకు పెట్టిన చిల్లులను బట్టి ఏ పోగు లేవాలో, ఏది లేవరాదో నిర్ణయించే జకార్డు మగ్గం 1804 నాటిది. షరతు అనేది కంప్యూటరుతో పుట్టలేదనటానికి నేతగాళ్ళకంటె మంచి సాక్షులు లేరు.

అయితే షరతుకు కన్ను ఒక్కటే. అది చూడమన్న చోటనే చూస్తుంది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని పాలిమర్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన దుర్ఘటన తెలుగువారికి ఇంకా మరపునకు రాలేదు. దానిని విచారించిన ఉన్నతస్థాయి సంఘం బయటపెట్టిన అంశాలలో ఒకటి ఇది: ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచే సాధనం అడుగు భాగంలో మాత్రమే ఉన్నది. వేడి పైపొరలలో పెరుగుతూ ఉండగా, కింది అంకె ఎవరినీ హెచ్చరించలేదు. "ఇంత డిగ్రీలు దాటితే" అన్న వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. "ఎక్కడ దాటితే?" అన్న ప్రశ్నకు మాత్రం జవాబు అసంపూర్ణం. ముఖ్యమైన చోట్ల మూడు సాధనాలను అమర్చి, వాటిలో రెండు ఏకీభవిస్తేనే యంత్రాన్ని ఆపే పద్ధతి వాయు కర్మాగారాలలో పరిపాటి అయినది ఇందుకే. పంచాయతీలో ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పరాదన్న లోకరీతి ఇనుములోకి దిగింది.

ఒక్క సాక్షి మాటకు ఆవృత్తి తోడైతే ఏమవుతుందో బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు చూపాయి. ముక్కు మితిమీరి పైకి లేచిందని ఒకే సాధనం చెప్పిన మాట నమ్మి, ప్రోగ్రాము విమానం ముక్కును కిందికి వంచింది. పైలట్ సరిచేశాడు. కొన్ని సెకన్ల తరువాత ప్రోగ్రాము మళ్ళీ వంచింది. 2018 అక్టోబరులో జావా సముద్రం మీద పైలట్ ఇరవై సార్లకు పైగా సరిచేశాడు. 2019 మార్చిలో ఇథియోపియాలో మరొక విమానం కూలింది. రెండింటిలో కలిపి 346 మంది మరణించారు. ప్రతిసారీ ఒకే మనిషి తనను వారిస్తున్నాడన్న సంగతి ఆ ఆవృత్తికి తెలియదు. దానికి ప్రతి పర్యాయమూ మొదటి పర్యాయమే.

ఇక్కడనే "అయినా" అన్న మాట అవసరమవుతుంది. 1983 సెప్టెంబరు 26 రాత్రి సోవియట్ సైన్యాధికారి స్తనిస్లావ్ పెత్రోవ్ ఎదుటి కంప్యూటరు, అమెరికా నుండి క్షిపణులు బయలుదేరాయని ప్రకటించింది. యుద్ధమే మొదలుపెట్టదలచినవారు ఐదింటితో మొదలుపెట్టరని ఆయన తర్కించుకొన్నాడు. యంత్రం చెప్పినా నమ్మలేదు. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణి మంటగా పొరబడిందని తరువాత తేలింది. ఈ కథను చెప్పి, చూశారా, చివరకు మనిషే కావాలి అని ముగించటం వాడుక. అది సగం కథ. పైన చెప్పిన త్రీ మైల్ ఐలండ్‌లో అత్యవసర శీతలీకరణ తనంత తానుగా మొదలయింది. యంత్రం సరిగానే ప్రవర్తించింది. నీరు ఎక్కువైందని భ్రమపడి దానిని తగ్గించివేసినవారు మనుషులే. అణు ఇంధనం కొంత కరిగింది. పెత్రోవ్ అన్నదీ "అయినా"యే, వారన్నదీ "అయినా"యే. ఇద్దరూ చిత్తశుద్ధి గలవారే. ఫలితాన్ని బట్టి ఒకరిని వీరుడనీ, మరొకరిని అపరాధి అనీ అనటం తేలిక. ఆ క్షణంలో నిలబడి చూస్తే ఆ తేడా కనిపించదు.

హజీరాకు ఈ చిక్కు నీటి రూపంలో వచ్చింది. తాపీ నది మీద సూరత్‌కు సుమారు వంద కిలోమీటర్ల ఎగువన, 1972లో పూర్తయిన ఉకాయీ జలాశయం ఉన్నది. దాని పూర్తి మట్టం 345 అడుగులు. ఏ తేదీకి ఎంత మట్టం మించరాదో చెప్పే పట్టిక జలాశయాలకు ఉంటుంది. ఇంజనీర్లు దానిని రూల్ లెవెల్ అంటారు. అది కాగితం మీది ప్రోగ్రామే: ఈ తేదీన మట్టం ఇంత మించితే గేట్లు తెరువుము. జలాశయాన్ని నింపితే సేద్యానికి, విద్యుత్తుకు లాభం. ఖాళీ ఉంచితే రాబోయే వరదకు చోటు. వానాకాలం ముగిసేసరికి నిండకపోతే వేసవిలో రైతు నిందిస్తాడు. నిండిన తరువాత వరద వస్తే నగరం మునుగుతుంది. ఈ రెండు కోరికల నడుమ రాజీని ప్రశాంతంగా ఉన్నప్పుడు కుదుర్చుకొని వ్రాసి ఉంచినదే ఆ పట్టిక.

2006 ఆగస్టు మొదటి పక్షంలో ఎగువన కుండపోతగా వానలు కురిశాయి. ఉకాయీ నుండి వదిలిన నీరు ఒక దశలో సుమారు 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. సూరత్ నగరంలో అత్యధిక భాగం, నదీముఖంలోని హజీరా ప్రాంతం జలమయమయ్యాయి. దిగువన సముద్రపు పోటు నదిని వెనక్కు నెట్టే తీరం అది. ఖంభాత్ సింధుశాఖ పోట్లు దేశంలోకెల్లా ఎత్తయినవి. నీరు ఎటు పోవాలి? పట్టిక చెప్పిన మట్టాలకంటె జలాశయంలో నీటిని ఎక్కువగా నిలిపి ఉంచారనీ, ముందునుండే కొద్దికొద్దిగా వదిలి ఉంటే ఇంత ఉపద్రవం జరిగేది కాదనీ విమర్శకులు అన్నారు. వచ్చిన వరద అసాధారణమైనదనీ, జలాశయం లేకపోతే నష్టం మరింత ఉండేదనీ అధికారుల వాదన. ఆ వివాదాన్ని తీర్చటం ఈ వ్యాసం పని కాదు. గమనించదగినది వేరొకటి. పట్టిక ఉన్నది, దానికి చేతులు లేవు. గేటు ఎత్తవలసినది మనిషి. ప్రతి ఉదయమూ అతని ముందు "మట్టం మించితే" అన్న వాక్యంతో పాటు, "మించినా ఇంకొక్క రోజు చూద్దాం" అన్న వాక్యం కూడా ఉంటుంది. ఆ రెండవ వాక్యం ఏ ఒక్క రోజూ పెద్ద తప్పుగా కనిపించదు. వరుసగా పేర్చినప్పుడే దాని బరువు తెలుస్తుంది.

అలాగని గేట్లను పూర్తిగా యంత్రానికి అప్పగించితే సరిపోతుందా? అప్పుడు మధ్యాహ్నం పోటు వేళ, దిగువ వీధులలో జనాన్ని తరలిస్తూ ఉండగా, అంకె దాటింది గనుక గేట్లు తెరుచుకొంటాయి. రెండు గంటలు ఆగుమని చెప్పగలవాడు కావాలి. ఒక రోజు ఆగుదామనేవాడిని ఆపగలది కూడా కావాలి. ఈ రెండు "ఆగుము"లను వేరుచేసే నిబంధనను ముందుగా వ్రాయటం ఎవరి తరమూ కాలేదు. వ్రాయగలిగితే అది మరొక చేదర్థకమై, తన వంతుకు తన "అయినా"ను వెతుక్కొంటుంది.

వాయు కర్మాగారాలవారు ఈ చిక్కును విడదీయకుండానే దానితో బ్రతకటం నేర్చుకొన్నారు. మరమ్మతు కోసమో, చెడిపోయిన సాధనం వల్లనో ఒక భద్రతా షరతును తాత్కాలికంగా పక్కన పెట్టవలసి వస్తుంది. దానిని బైపాస్ అంటారు. అంటే "హద్దు దాటినా ఆగకుము". యంత్రానికి తెలియని అప్యర్థకాన్ని మనిషి తాళంచెవితో తిప్పి లోపలికి పంపటమన్నమాట. అది నిషిద్ధం కాదు. అలాగని చాటుమాటుగా చేసేదీ కాదు. పై అధికారి అనుమతి కావాలి, ఎంతసేపటికో గడువు ఉండాలి, రిజిస్టరులో సంతకం ఉండాలి, షిఫ్టు మారేటప్పుడు వచ్చేవారికి చెప్పాలి. ఆ రిజిస్టరులో ఒక గడి కారణానిది.

ప్రోగ్రామింగ్ భాషలో కూడా అటువంటి గడి ఉన్నది. ప్రోగ్రాము నడుమ వ్రాసే వ్యాఖ్య. ఈ హద్దు ఇంతే ఎందుకు, ఈ వరుస ఇలాగే ఎందుకు అన్నది అక్కడ మనుషుల భాషలో వ్రాస్తారు. యంత్రం దానిని చదవకుండా దాటిపోతుంది. ఫోర్ట్రాన్ అనే భాష 1957లో వెలువడిన నాటినుండి ఇప్పటిదాకా ఆ సంప్రదాయం మారలేదు. హద్దు దాటిన రాత్రి కంట్రోలు రూములో నిలబడి ఆగాలో, "అయినా" అనాలో తేల్చుకొనవలసినవాడికి అన్ని వాక్యాలలోకి కావలసిన వాక్యం అదే. చాలా ప్రోగ్రాములలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. రిజిస్టరులో కారణం గడిలో తరచు కనిపించేది "పై ఉత్తర్వు ప్రకారం" అన్న ముక్తసరి మాట.